బావి నీళ్లు బాగోలేవు: ఫిల్టరు కొనేముందు కారణం పట్టుకోవడం ఎలా?

ఊటబావి

సొంత బావి, సొంత బోరు ఉన్న ఇళ్ల కోసం ఈ చర్చ మొదలుపెడుతున్నాను. కుళాయి సరఫరా అయితే నీళ్లను పరీక్షించడానికి, క్లోరిన్ కలపడానికి ఎవరో ఒకరు ఉంటారు. మన బావికి ఆ పని కూడా మనదే. ఎక్కువగా జరుగుతున్నది ఏమిటంటే, నీళ్లు ఎర్రగా వచ్చాయనో వాసన కొట్టాయనో వెంటనే ఆర్వో మిషను బిగించేస్తారు. ఇనుము, మట్టి పట్టేసి కొద్ది నెలల్లోనే దాని లోపలి వడపోత పొర, అంటే మెంబ్రేన్, పూడుకుపోతుంది. ఆ తర్వాత మెంబ్రేన్లు మార్చడమే పనవుతుంది, బావిలోని లోపం మాత్రం అలాగే ఉంటుంది.

ఖర్చులేని పరీక్షతో మొదలుపెట్టండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కాకుండా మోటారు దగ్గరే, మోటారు వేసిన ఐదు నిమిషాల తర్వాత, గాజు గ్లాసులో నీళ్లు పట్టి తెల్ల కాగితం మీద పెట్టండి.

పట్టినప్పుడు తేటగా ఉండి, కాసేపటికి పసుపుపచ్చగా మారి, మర్నాటికి అడుగున తుప్పురంగు మడ్డి దిగితే అది నీళ్లలో కరిగి ఉన్న ఇనుము. పట్టేటప్పుడే ఎర్రగా ఉంటే ఇనుము బావిలోనో పైపులోనో ముందే తుప్పుగా మారిపోయింది. రెండ్రోజులు ఉంచినా మడ్డి దిగకుండా లేత గోధుమరంగు అలాగే నిలిచిపోతే ఆకులూ అలములూ కుళ్లి దిగిన రంగు అయ్యే అవకాశం ఎక్కువ. మడ్డి నల్లగా ఉంటే మాంగనీసును అనుమానించండి. పాలలా తెల్లగా వచ్చి అడుగు నుంచి పైకి తేటపడితే అవి గాలి బుడగలు. తాగడానికి ఇబ్బంది లేదు గానీ, బోరులో రోజూ అలాగే వస్తుంటే నీటిమట్టం పంపు దాకా దిగిపోయిందేమో చూసుకోండి. పైనుంచి కిందికి తేరుకుంటే అది సన్న మట్టి.

పంపుసెట్టు

ఇనుము గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

లీటరుకు 0.3 మిల్లీగ్రాములు దాటితే బట్టలకు, పింగాణీకి మరక పడుతుంది, నోటికి తుప్పు రుచి తగులుతుంది. భూమి లోపల గాలి తగలదు కాబట్టి ఇనుము కరిగే ఉంటుంది. గాలి తగలగానే తుప్పుగా విడిపోతుంది. మనం చేయాల్సింది కూడా అదే: ముందు గాలి పట్టించాలి, తర్వాత మడ్డి దిగనివ్వాలి, చివర ఇసుకలో వడకట్టాలి. నీళ్లను నేరుగా ట్యాంకులోకి వదలకుండా చిల్లుల పైపు గుండా జల్లులా పడేట్టు చేయండి. కింద చిల్లుల పళ్లేలు రెండు మూడు ఒకదాని కింద ఒకటి అమర్చి, వాటిలో గులకరాళ్లు పోస్తే గాలి ఇంకా బాగా పడుతుంది. మడ్డి దిగే ట్యాంకు వేరు, వాడుకునే ట్యాంకు వేరు. మధ్యలో ఇసుక ఫిల్టరు. ఇసుక మందం రెండడుగులకు తగ్గకూడదు, వెనక్కి నీళ్లు తోసి కడిగే ఏర్పాటు తప్పనిసరి.

అన్నీ సరిగా కట్టినా పనిచేయని చోట పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) చూడండి. పీహెచ్ ఒక అంకె తగ్గితే ఇనుము తుప్పుగా మారే వేగం సుమారు నూరో వంతుకు పడిపోతుంది. పీహెచ్ 7.5 ఉన్న నీళ్లలో నిమిషాల్లో జరిగే పని 6.5 దగ్గర గంటలకు సాగుతుంది. ట్యాంకులో అంతసేపు నిలవదు కాబట్టి ఇనుము కరిగిన రూపంలోనే ఇసుక దాటి వెళ్లిపోయి, బకెట్లో ఎర్రబడుతుంది. అలాంటి నీళ్లను ముందు సున్నపురాయి ముక్కల గుండా పంపి పీహెచ్ పెంచాలి, లేదంటే క్లోరిన్ వాడాలి. ఒక మిల్లీగ్రాము ఇనుముకు సుమారు 0.64 మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చవుతుంది.

మాంగనీసు ఇంకా మొండిది. ఉత్త గాలితో, మామూలు పీహెచ్ దగ్గర అది విడిపోదు. దానికి క్లోరిన్ గానీ, మాంగనీసు డయాక్సైడ్ పూత ఉన్న ఫిల్టరు మీడియా గానీ కావాలి.

చప్టా

> పట్టేటప్పుడే ఎర్రగా ఉంటే

మరొక లక్షణం: ఫ్లష్ ట్యాంకు లోపల ఎర్రటి జిగురు గడ్డలు, తొట్టిలో నిలిచిన నీటి మీద రంగులు తేలే నూనె తెట్టు. డీజిల్ కలిసిందా, ఇంకేమైనానా అని ఎలా తేల్చుకోవాలి?

పంపుసెట్టు

పుల్లతో ఆ తెట్టును గీసి చూడండి. పింగాణీ పెంకులా ముక్కలు ముక్కలుగా విరిగి, ఆ ముక్కలు విడివిడిగానే ఉంటే అది ఇనుప బ్యాక్టీరియా కట్టిన పొర. గీసిన చోట మళ్లీ చుట్టుకుని కలిసిపోతే అది నిజంగా నూనె. అప్పుడు ఆ నీళ్లు వాడటం ఆపేసి, మోటారు ఆయిల్ కారుతోందా, దగ్గర్లో ఇంధనం నిల్వ ఉందా చూడాలి.

ఇనుప బ్యాక్టీరియా మనుషులకు జబ్బు తేదు. కానీ ఆ జిగురు పంపు జాలీలను పూడ్చేస్తుంది, వేరే సూక్ష్మజీవులకు నీడనిస్తుంది, దుర్వాసన పుట్టిస్తుంది. క్లోరిన్ జిగురు లోపలికి దిగదు. అందుకే ముందు కేసింగ్‌ను (బోరు గోడగా దించే గొట్టాన్ని), పైపులను బ్రష్‌తో రుద్ది, ఆ మురికి నీళ్లు తోడేశాకే క్లోరిన్ పోయాలి. ఒకసారి చేరాక పూర్తిగా పోవడం కష్టం, మళ్లీ మళ్లీ శుభ్రం చేయాల్సి వస్తుంది. ఒక బోరులో దించిన పైపులు, తాళ్లు క్లోరిన్ నీళ్లతో కడగకుండా మరో బోరులో దించకండి. ఈ జిగురు వ్యాపించే దారుల్లో అదొకటి.

వేడినీళ్లు

కుళ్లిన కోడిగుడ్డు వాసనకు నాలుగు చోట్ల ముక్కు పెట్టి చూస్తే కారణం దాదాపు తేలిపోతుంది.

వేడినీళ్లకే వాసన ఉంటే తప్పు బావిది కాదు, గీజరుది. తుప్పు పట్టకుండా గీజరు లోపల పెట్టే మెగ్నీషియం కడ్డీ, నీళ్లలోని సల్ఫేటు, బ్యాక్టీరియా కలిసి ఆ వాసన వచ్చే వాయువును, హైడ్రోజన్ సల్ఫైడ్‌ను, పుట్టిస్తాయి. కడ్డీని అల్యూమినియం-జింకు రకానికి మార్చి, ట్యాంకును క్లోరిన్‌తో కడగాలి. కడ్డీ ఉత్తినే తీసేస్తే వాసన పోతుంది, దానితోపాటు గీజరు ట్యాంకు ఆయుష్షూ పోతుంది.

చన్నీళ్లు, వేడినీళ్లు రెండిటికీ ఉండి, కాసేపు వదిలాక తగ్గితే బ్యాక్టీరియా పైపుల్లోనో బావిలోనో పెరుగుతోంది. ఎంతసేపు తోడినా తగ్గకపోతే భూగర్భ జలంలోనే ఆ వాయువు ఉంది. గాలి పట్టించడం, ఆ తర్వాత కార్బన్ ఫిల్టరు అవసరం. ఇక సింకు దగ్గర మాత్రమే వస్తుంటే గ్లాసులో నీళ్లు పట్టుకుని వేరే గదిలోకి వెళ్లి వాసన చూడండి. అక్కడ రాకపోతే వాసన సింకు కింది మురుగు గొట్టానిది.

తేటనీరు

బ్యాక్టీరియా ఉందని రిపోర్టు వస్తే ఏ బావికైనా అర కిలో బ్లీచింగ్ పౌడర్ చల్లి ఒక రాత్రి ఉంచితే చాలదా? ఎక్కువమంది చేసేది అదే కదా.

ఊటబావి

చాలదండీ. ఒక్కోచోట ఎక్కువ కూడా అవుతుంది. లెక్క వేసి చూద్దాం.

గుండ్రటి బావికి వ్యాసార్ధాన్ని వ్యాసార్ధంతో గుణించి, 3.14తో గుణించి, నీటి లోతుతో గుణిస్తే ఘనపు మీటర్లు వస్తాయి. 2 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల నీళ్లు ఉంటే 12.56 ఘనపు మీటర్లు, అంటే సుమారు 12,560 లీటర్లు. షాక్ క్లోరినేషన్‌కు, అంటే బావి మొత్తాన్ని ఒకేసారి గాఢమైన క్లోరిన్‌తో శుద్ధి చేయడానికి, లీటరుకు కనీసం 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలి. మొత్తం 628 గ్రాముల అసలు క్లోరిన్. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో క్లోరిన్ 33 శాతం దాకా ఉంటుంది, డబ్బా తెరిచి ఉంచితే, తేమ తగిలితే తగ్గిపోతుంది. 25 శాతమే ఉందనుకుంటే రెండున్నర కిలోలు పడుతుంది. మీరన్న అర కిలోతో ఆ బావిలో లీటరుకు 10 మిల్లీగ్రాములే వస్తుంది. నీటిలోని బురద, ఆకుల చెత్త దాన్ని కాసేపట్లో తినేస్తాయి.

అదే 6 అంగుళాల బోరు అయితే మీటరు లోతుకు సుమారు 17.7 లీటర్లు. 60 మీటర్ల నీళ్లకు 1,060 లీటర్లు. లీటరుకు 100 మిల్లీగ్రాములు కావాలంటే 106 గ్రాముల క్లోరిన్, అంటే 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 2.1 లీటర్లు. బోరులో పౌడర్ పోయొద్దు. అందులోని సున్నం అడుగున గట్టిపడి, ఊట వచ్చే సందులను మూస్తుంది. సువాసన కలిపిన బట్టల బ్లీచ్ కూడా వాడొద్దు.

పంపుసెట్టు

దీనికి నాదొక చేర్పు. ఎంత ఎక్కువ పోస్తే అంత మంచిదనుకుని లీటరుకు 500, 1000 మిల్లీగ్రాముల దాకా వెళ్తారు. బ్లీచ్ క్షారం. ఎక్కువైతే నీటి పీహెచ్ పెరుగుతుంది. పీహెచ్ 7.5 దాటాక క్లోరిన్‌లో చంపే శక్తి ఉన్న రూపం సగానికి దిగుతుంది, 8.5 దగ్గర పదో వంతే మిగులుతుంది. రబ్బరు సీళ్లు, మోటారు కేబుల్, పైపులు కూడా దెబ్బతింటాయి. బోరుకు 50 నుంచి 200 మధ్యలో ఆగండి.

చప్టా

పని చేసే క్రమం కూడా రాస్తే బాగుంటుంది. చదివేవాళ్లు కొలత మాత్రం చూసుకుని పోసేస్తారు.

ఊటబావి

రాస్తాను.

మొదట గీజరు ఆపేయండి. ఆర్వో, సాఫ్టెనర్ (రెసిన్ పూసలతో నీళ్ల కఠినత్వం తీసేది), కార్బన్ ఫిల్టరు అన్నీ బైపాస్ చేయండి, లేకపోతే క్లోరిన్ మెంబ్రేన్‌ను, రెసిన్‌ను తినేస్తుంది, కార్బన్ క్లోరిన్‌ను తినేస్తుంది. ఒక రోజుకు సరిపడా తాగే నీళ్లు విడిగా పెట్టుకోండి. కళ్లద్దాలు, రబ్బరు చేతితొడుగులు వేసుకోండి. యాసిడ్ గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్ గానీ దగ్గరకు రానివ్వొద్దు, బ్లీచ్‌తో కలిస్తే విషవాయువు వస్తుంది.

బావికి పౌడర్ వాడుతుంటే ప్లాస్టిక్ బకెట్లో కొద్దికొద్దిగా కలిపి, పావుగంట మడ్డి దిగనిచ్చి, పై తేట నీళ్లు మాత్రమే పోయండి. ఆ తర్వాత మోటారు వేసి, ఒక గొట్టం ద్వారా నీళ్లను మళ్లీ బావిలోకే వదులుతూ లోపలి ఒరలన్నీ, కేసింగ్ చుట్టూరా తడిసేలా అరగంట నుంచి గంట దాకా తిప్పండి. ఈ తిప్పడం మానేస్తే క్లోరిన్ పైనే ఉండిపోతుంది. ఇంట్లో ఒక్కో కుళాయి విప్పి, క్లోరిన్ వాసన వచ్చాక కట్టేయండి. బాత్రూం షవరు, వాషింగ్ మిషను పైపు, ఎవరూ వాడని పెరటి కుళాయి, ఏదీ వదలొద్దు. వదిలేసిన ఆ ఒక్క పైపు నుంచే బ్యాక్టీరియా మళ్లీ మొదలవుతుంది. 12 నుంచి 24 గంటలు అలా ఉంచి, తర్వాత పెరటి కుళాయి గుండా ఖాళీ నేల మీదికి తోడేయండి. సెప్టిక్ ట్యాంకులోకి, చేపలుండే నీళ్లలోకి, మొక్కల మొదట్లోకి వద్దు.

మళ్లీ పరీక్ష వారం పది రోజుల తర్వాత. అంతకు ముందు చేస్తే మిగిలిన క్లోరిన్ వల్లే రిపోర్టు బాగా వస్తుంది. రెండు మూడు నెలలకు ఇంకోసారి చేయించండి. అప్పటిదాకా తాగే నీళ్లు కళపెళ మరిగించి తాగడమే మంచిది.

ఇంకో మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు: పూడిక తీయడానికో రుద్దడానికో బావిలోకి ఎవరినీ ఉత్తినే దించకండి. అడుగున ప్రాణవాయువు లేక మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, కాపాడదామని దిగిన రెండో మనిషి కూడా పోతాడు. గాలి కొలిచే పరికరం, గాలి పంపే ఫ్యాను, నడుముకు తాడు, పైన ఇద్దరు మనుషులు లేకుండా ఆ పని చేయించొద్దు. క్లోరిన్ పోసిన బావిలోకి అసలే వద్దు.

తేటనీరు

అర్థమైంది. అయితే ఇంత చేసినా రెండు నెలలకే కోలిఫాం (నీళ్లు కలుషితమయ్యాయనడానికి గుర్తుగా చూసే బ్యాక్టీరియా) మళ్లీ కనిపిస్తే?

చప్టా

అప్పుడు క్లోరిన్ మీద కాదు, బావి నోటి మీద పడాలి. మురుగు లోపలికి వచ్చే దారి మూయకపోతే ఎన్నిసార్లు పోసినా అంతే.

వాన పడిన మర్నాడు వెళ్లి చూడండి. నీళ్లు బురదగా మారాయా? వానకు ముందు, వాన తర్వాత టీడీఎస్ మీటరుతో (నీళ్లలో కరిగిన లవణాలను అంచనా వేసేది) కొలిస్తే ఒక్కసారిగా అంకె పడిపోయిందా? అలాగైతే పైనీళ్లు నేలలో ఇంకి వడపోత కాకుండా నేరుగా దిగుతున్నాయి. ఆ చవక మీటరుకు ఇది నిజంగా మంచి ఉపయోగం.

బావికి పై 3 మీటర్ల దాకా ఒరల మధ్య సందులు సిమెంటుతో మూసి ఉండాలి. చుట్టూ మీటరు నుంచి మీటరున్నర వెడల్పున చప్టా, బయటికి వాలుగా. చప్టాకూ ఒరకూ మధ్య వెంట్రుక మందం చీలిక ఉన్నా బట్టలు ఉతికిన నీళ్లన్నీ అందులోంచి బావిలోకే. బకెట్ నీళ్లు చప్టా మీద పోసి, లోపలి గోడ మీద తడి దిగుతుందేమో టార్చి వేసి చూడండి. పైన మూత ఉండాలి, గట్టు ఎత్తుగా, మురుగు కాలువ దూరంగా ఉండాలి. తోడే బకెట్‌ను నేల మీద పెట్టొద్దు.

బోరుకు కేసింగ్ నేల మీదికి కనీసం ఒక అడుగు లేచి ఉండాలి. గోతిలో పాతిపెట్టి పైన బండ కప్పిన బోర్లు చూస్తుంటాం, వానకు ఆ గొయ్యి నిండి నేరుగా బోరులోకి పోతుంది. మూతలో కేబుల్ దూరే రంధ్రం సీలు చేసి ఉందా, గాలి గొట్టానికి జాలీ ఉందా? కేసింగ్‌కూ తవ్విన రంధ్రానికీ మధ్య ఖాళీని మట్టితో నింపి వదిలేస్తే పైనీళ్లకు అది సొరంగం. సిమెంటు పాలతో గానీ బెంటొనైట్ బంకమట్టితో గానీ నింపాలి.

సెప్టిక్ ట్యాంకు, మరుగుదొడ్డి గుంత 30 మీటర్ల దూరంలో, పల్లం వైపు ఉండాలని సాధారణ సూత్రం. చీలికల రాతి నేలలో ఆ దూరం కూడా చాలకపోవచ్చు.

గాజుసీసా

ప్రయోగశాలకు నమూనా పంపేవారికి. బ్యాక్టీరియా పరీక్ష సీసా వాళ్లే ఇస్తారు. అడుగున ఉన్న తెల్ల పొడి సోడియం థయోసల్ఫేట్, క్లోరిన్‌ను విరిచేందుకు వేసినది. మురికనుకుని కడిగేయొద్దు. కుళాయి జాలీ విప్పి, నోటిని సెగతో గానీ స్పిరిటుతో గానీ శుద్ధి చేసి, ఐదు నిమిషాలు నీళ్లు వదిలి, సన్న ధారలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఐసు మీద పెట్టి, వీలైతే ఆరు గంటల్లో, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటల్లోపు చేర్చాలి. 100 మిల్లీలీటర్లలో ఈ-కోలి ఒక్కటి కూడా ఉండకూడదు. మొత్తం కోలిఫాం ఉండి ఈ-కోలి లేకపోతే పైనీళ్ల దారి ఉందని అనుమానించాలి. ఈ-కోలి ఉంటే మలం కలిసినట్టే.

సీసం, రాగికి పద్ధతి వేరు. రాత్రంతా పైపులో నిలిచిన నీళ్లు ఉదయం మొదట ఒక సీసా, ఐదు నిమిషాలు వదిలాక మరో సీసా. మొదటిదాంట్లోనే ఎక్కువుంటే లోపం పైపులదీ కుళాయిలదీ. రెండిటిలో ఉంటే బావి దగ్గర వెతకాలి. వాష్‌బేసిన్‌లో నీలం, ఆకుపచ్చ కలిసిన చిలుము మరక కనిపిస్తే పీహెచ్ తక్కువై నీళ్లు రాగిని కొరికేస్తున్నాయని అర్థం.

రిపోర్టు వచ్చాక నైట్రేటు కొలమానం చూడండి, చాలామంది పొరబడేది అక్కడే. కొన్ని ప్రయోగశాలలు నైట్రేటుగా రాస్తాయి, కొన్ని నైట్రోజన్‌గా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి నైట్రేటుగా లీటరుకు 50 మిల్లీగ్రాములు, నైట్రోజన్‌గా సుమారు 11. రిపోర్టులో 12 అని ఉంటే నైట్రేటు లెక్కలో బాగున్నట్టు. నైట్రోజన్ లెక్కలో అయితే 4.43తో గుణించాలి, 53 వస్తుంది, పరిమితి దాటినట్టు. ఆరు నెలల్లోపు పసిపిల్లలకు పాలు కలిపే నీళ్ల విషయంలో ఈ తేడా ప్రాణాంతకం. రక్తం ప్రాణవాయువును మోయలేక బిడ్డ నీలంగా మారిపోతుంది. మరిగిస్తే నైట్రేటు పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

తేటనీరు

టీడీఎస్ 150 ఉంటే నీళ్లు భేషని అనుకోవచ్చా?

గాజుసీసా

అనుకోకూడదు. ఆ మీటరు కొలిచేది విద్యుత్తు ఎంత ప్రవహిస్తుందన్నదే. ఈ-కోలి, పురుగుమందు దానికి కనిపించవు. ఆర్సెనిక్ పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. దానికి పదింతలున్నా మీటరు అంకె కదలదు, రంగు రాదు, రుచి మారదు. బంగ్లాదేశ్‌లో రోగాల చెరువు నీళ్లు మానిపించడానికి వేసిన గొట్టపు బావుల్లో ఆర్సెనిక్ ఉందని 1990లలో గానీ బయటపడలేదు. చూడ్డానికి ఆ నీళ్లు అద్దంలా ఉండేవి. ఫ్లోరైడు కూడా అంతే. 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్ల మీద గారలు, ఇంకా ఎక్కువై ఏళ్లపాటు తాగితే ఎముకలు బిగుసుకుపోవడం. ఇలాంటివాటిని ఒక్కసారైనా ప్రయోగశాలలో చూడాల్సిందే.

ఆర్సెనిక్‌కు ఆర్వో పెట్టేవారికి ఒక హెచ్చరిక: గాలి తగలని లోతు నీళ్లలో అది మూడు వేలెన్సీ రూపంలో ఉంటుంది, మెంబ్రేన్ దాన్ని సరిగా ఆపలేదు. ముందు క్లోరిన్‌తో ఐదు వేలెన్సీకి మార్చి, మిగిలిన క్లోరిన్‌ను కార్బన్‌తో తీసేసి, అప్పుడు ఆర్వోకి పంపాలి. ఆ తర్వాత కూడా వచ్చే నీళ్లు పరీక్షించాలి.

వేడినీళ్లు

ఉప్పునీళ్ల సంగతి కూడా తేల్చాలి. మన మాటల్లో సబ్బు నురగ రాని నీళ్లూ ఉప్పునీళ్లే, నాలుకకు ఉప్పగా తగిలేవీ ఉప్పునీళ్లే. రెండూ వేరు, మందులూ వేరు.

నురగ రాకుండా, గీజరు కాయిల్ మీద తెల్లటి సున్నపు పొర కడితే అది కాల్షియం, మెగ్నీషియం కఠినత్వం. లీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే బాగా ఎక్కువ. సాఫ్టెనర్ దీనికి సరైన మందు. కానీ అది కాల్షియం తీసుకుని సోడియం ఇస్తుంది: 100 మిల్లీగ్రాముల కఠినత్వానికి సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం. ఉప్పు తగ్గించాలని వైద్యులు చెప్పినవారు వంటగది కుళాయిని సాఫ్టెనర్‌కు ముందే విడగొట్టుకోవాలి. నాలుకకు ఉప్పగా ఉండటం క్లోరైడు వల్ల. దానికి సాఫ్టెనర్ ఏమీ చేయలేదు, ఆర్వోయే. తీరం దగ్గరి బావుల్లో అయితే తోడే వేగం తగ్గించడం ఆర్వో కన్నా ముందు చేయాల్సిన పని. నీటిమట్టం ఒక మీటరు పడితే అడుగున ఉప్పునీరు దాదాపు 40 మీటర్లు పైకి రాగలదు.

తేటనీరు

చివరి ప్రశ్న. ఇనుము 2 మిల్లీగ్రాములు, కఠినత్వం 300, ఈ-కోలి ఉంది. ఏది ముందు, ఏది వెనక?

పంపుసెట్టు

ముందు చప్టా గారు చెప్పినట్టు బావి నోరు బాగుచేసి, షాక్ క్లోరినేషన్. తర్వాత గాలి, మడ్డి ట్యాంకు, ఇసుక ఫిల్టరుతో ఇనుమును 0.3 కిందికి తేవాలి. ఆ వెనక సాఫ్టెనర్. ఇనుము ముందే తీయకపోతే రెసిన్ ఎర్రబడి చచ్చిపోతుంది. సన్నటి 5 మైక్రాన్ల వడపోత, చివర యూవీ (అతినీలలోహిత కాంతితో సూక్ష్మజీవులను చంపే దీపం). యూవీని అన్నిటికన్నా వెనక పెట్టడానికి కారణం ఉంది: ఇనుము, సున్నం దీపం చుట్టూ ఉన్న గాజు గొట్టానికి పొరలా పట్టేస్తే వెలుగు నీళ్లను తాకదు. దీపం వెలుగుతూనే కనిపిస్తుంది, కానీ 9,000 గంటలు దాటాక చంపే శక్తి తగ్గిపోతుంది కాబట్టి ఏడాదికి ఒకసారి మార్చాలి. గాజు గొట్టాన్ని మూడు నెలలకోసారి వెనిగర్‌తో తుడవండి. యూవీ దాటిన నీళ్లలో మందు ఏమీ మిగలదు, కాబట్టి ఆ తర్వాత వచ్చే పైపు, నిల్వ పాత్ర శుభ్రంగా ఉండాలి.

కరెంటు పోయిన రోజుకు: 1,000 లీటర్ల తేట నీళ్లకు 5 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రావణం 40 మిల్లీలీటర్లు, బాగా కలిపి అరగంట ఆగాలి. ఆ తర్వాత క్లోరిన్ పరీక్ష కిట్‌లో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య చూపించాలి. అసలేమీ చూపించకపోతే అంతే మోతాదు ఇంకోసారి వేసి, మళ్లీ అరగంట ఆగి చూడండి. అప్పుడూ సున్నాయే అయితే నీళ్లలో మురికి ఎక్కువుందన్నమాట, ఆ ట్యాంకు ఖాళీ చేసి కడగండి.